కలపని రెండు పాయింట్లు

అమ్రాబాద్ అడవి క్యాంపు,
మహబూబ్‌నగర్ జిల్లా,
12 జూన్ 2016.

బావా,

నిన్న సాయంత్రానికి క్యాంపు చేరాను. మన్ననూరులో బస్సు దిగగానే మా ఆఫీసు జీపు కనిపించింది కాబట్టి నడక తప్పింది. ఇక్కడ ఫోన్ పనిచేయదని తెలుసు కదా, క్షేమంగా చేరానని అక్కకు ఈ ఉత్తరం చూపించి చెప్పు. బియ్యం, నూనె తెచ్చే జీపు వారానికోసారి వస్తుంది. ఉత్తరాలకూ అదే దారి.

సికింద్రాబాద్ నుంచి నల్లగొండ దాకా బస్సులో మనం ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాకు కోపం వచ్చిందని అనుకుని ఉంటావు. కోపం కాదు బావా, సిగ్గు. జోడీగా బ్రిడ్జి పేకాట పోటీకి పోయి, అంతమంది ముందు మోసగాళ్ళ లెక్కన నిలబడాల్సి వచ్చిందే అని.

ఆ పంపకంలో వచ్చిన చేయి నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నేను ఒక ఆటీను అని పాట మొదలుపెట్టాను. నీ దగ్గర రాజుతో కలిపి నాలుగు ఆటీన్లు, డైమను ఆసు, కళావరు జాకీ ఉన్నాయి. ఇస్పేటు మాత్రం ఒకే ఒక్క ఏడు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, జాకీకి ఒకటి, ఎనిమిది పాయింట్లు. నా రంగు నీకు కుదిరింది కాబట్టి ఆ ఒంటి ఇస్పేటుకు ఇంకో మూడు కలుపుకోవాలి. ఇస్పేటు ఒక్కసారి తిరిగితే రెండోసారి నువ్వు తురుపు కొడతావు కదా. మొత్తం పదకొండు. పదకొండుకు మూడు ఆటీన్లు అనాలి. నువ్వు రెండు అన్నావు. బలం లేనివాడు అనే మాట అది.

నేను ఎప్పటిలాగే నీ మాటకు రెండు పాయింట్లు కలుపుకుని నాలుగుకు పోయాను, గెలిచాను. అప్పుడు ఎదుటి జోడీలోని ఆ కళ్ళజోడు పెద్దావిడ అడిగింది, "ఆయన రెండు అంటే మీరు ఏ ధైర్యంతో నాలుగుకు పోయారు?" అని. నేను ఊరుకోవచ్చు కదా. గొప్పగా చెప్పాను, "మా బావ ఎప్పుడూ ఉన్నదానికి తక్కువే చెప్తడు మేడం, నేను రెండు కలుపుకుంట" అని. రెఫరీ వచ్చి ఏమన్నాడో నువ్వూ విన్నావు. ఆ అర్థం మీ ఇద్దరికే తెలిసి, ఎదుటివాళ్ళకు తెలియకపోతే అది ఆట కాదు అన్నాడు. ఆ చేయి కొట్టేశాడు.

ఆయన అన్నది న్యాయమే. చిన్నప్పుడు అమ్మ పోయి, అక్క నన్ను సాగర్ హిల్ కాలనీలో మీ క్వార్టర్‌కు తెచ్చుకున్నప్పటి నుంచి నిన్ను చూస్తున్నాను. నువ్వు సగం చెప్తావు, మిగతాది నేను ఊహించుకుంటాను. ఇంట్లో అయితే సరే. బల్ల దగ్గర కుదరదు. కాబట్టి ఒక ఒప్పందం చేసుకుందాం. ఇకమీద నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను విన్నది విన్నట్టే తీసుకుంటాను. ఒక్కటి కూడా కలపను. డిసెంబర్‌లో నల్లగొండ క్లబ్బు పోటీ దాకా ఉత్తరాల్లోనే సాధన చేద్దాం.

ఇదిగో మొదటి చేయి. నేను ఒక ఇస్పేటు అన్నాను. నీ దగ్గర ఇస్పేటు రాణి, పది, ఆరు, మూడు. ఆటీను ఆసు, ఐదు. డైమను రాజు, ఎనిమిది, ఏడు, నాలుగు. కళావరు తొమ్మిది, ఐదు, రెండు. ఏమంటావు?

అక్కకు చెప్పు, ఇక్కడ కొత్త వాచర్ భీమయ్య అడవి తేనె ఇచ్చాడు, వచ్చేటప్పుడు తెస్తాను.

నీ
రాజేశ్


నల్లగొండ,
24 జూన్ 2016.

రాజేశ్‌కు బావ గుర్వయ్య రాసేది.

ఉత్తరం అందింది. ఒప్పందం నాకు సమ్మతమే.

నీ చేతికి జవాబు. రాణి, ఆసు, రాజు కలిపి తొమ్మిది. ఆటీన్లు రెండే ఉన్నాయి కాబట్టి దానికొకటి. పది. మూడు ఇస్పేట్లు. రాసేటప్పుడు కలం రెండు వైపే పోయింది. కానీ మూడే రాశాను.

తక్కువ చెప్పడం నాకు ఆటలో వచ్చింది కాదు. ప్రాజెక్టు స్టోర్‌లో పనిచేసినన్నాళ్ళు ఎవరైనా సామాను ఎంత ఉందంటే ఉన్నదానికి ఒకటి తగ్గించి చెప్పేవాణ్ణి. ఉందని చెప్పాక లేకపోతే, నన్ను నమ్మి పనికి దిగినవాడు మధ్యలో ఆగిపోతాడు. తక్కువ చెబితే ఎవరికీ నష్టం లేదు. అలా అలవాటైంది. మార్చుకుంటాను.

నేను దినం ఖర్చు రాసుకుని నీకు ఉత్తరం మొదలుపెడితే మీ అక్క పక్కన కూర్చుని ఆలుగడ్డలు తరుగుతోంది. "మల్ల గా మూగాట సంగతేనా? నోరుండి గూడ మాట్లాడని మొగోళ్ళకు మంచి ఆటే దొరికింది. నా మాటొకటి రాయి" అంటోంది. రాస్తున్నాను. ఆలేరులో ఒక సంబంధం ఉంది. అమ్మాయి పేరు మల్లిక, బడిలో పంతులమ్మ. "అడివిల పులితోని కాపురం జేస్తవా అని అడుగు వాన్ని" అంది. అడిగాను.

ఆమెకు కాళ్ళకు కొంచెం వాపు వచ్చింది. ఉప్పు తగ్గించమన్నారు.

నీకొక చేయి. నేను ఒక డైమను అన్నాను. నీ దగ్గర ఆటీను రాజు ఒక్కటే. ఇస్పేటు జాకీ, తొమ్మిది, ఎనిమిది, ఆరు, రెండు. డైమను ఏడు, నాలుగు. కళావరు రాణి, పది, ఐదు, నాలుగు, మూడు. రాజుకు ఎంత వేస్తావో రాయి.

వానలు మొదలయ్యాయి, చెప్పులు లేకుండా తిరగకు.

గుర్వయ్య


అమ్రాబాద్ అడవి క్యాంపు,
5 జూలై 2016.

బావా,

మూడు ఇస్పేట్లు! ఉత్తరం చదివి నేను గట్టిగా నవ్వితే భీమయ్య పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చాడు. "ఏంది సారూ, పెండ్లి కుదిరిందా?" అన్నాడు. మా బావ నిజం చెప్పాడన్నాను. "గిన్నొద్దులు అబద్ధం చెప్పిండా?" అన్నాడు. కాదు, తక్కువ నిజం చెప్పాడన్నాను. తల గోక్కుంటూ పోయాడు.

నీ చేతికి జవాబు. నన్ను పరీక్షించావని తెలిసింది. కాగితం మీద రాజుకు మూడే. కానీ పక్కన చిన్న ముక్క ఒక్కటీ లేని రాజు, ఎదుటివాడు ఆసు వేయగానే తలవంచి పడిపోతాడు. కాపాడే ముక్క లేదు. దానికి నేను ఒకటి కూడా వెయ్యను. కాబట్టి నీ పాటకు జవాబు చెప్పడానికి కావాల్సిన ఆరు పాయింట్లు నా దగ్గర లేవు. పాస్. క్లబ్బులో కూర్చునే ఆ రిటైర్డు పెద్దలైతే మూడు వేసి మునిగేవాళ్ళు.

అక్కను ఉప్పు తగ్గించమన్నారు అంటే తగ్గిస్తుందా? పచ్చడి డబ్బా నువ్వు దాచిపెట్టు. వాపుకు ఉప్పు తగ్గిస్తే సరిపోతుందని ఇక్కడ మా రేంజి ఆఫీసులో ఒకాయన కూడా చెప్పాడు.

పంతులమ్మ సంగతి ఇప్పుడు వద్దు. ఈ ఏడాది కెమెరాల పని ఉంది. చెట్లకు కెమెరాలు కట్టి, పులులు ఎన్ని ఉన్నాయో లెక్క తీయాలి. మొన్న వాగు ఇసుకలో పులి అడుగులు చూశాం. భీమయ్య పక్కనే వంగి చూసి "ముసల్ది, కాలు నొస్తాంది" అన్నాడు. ఎట్లా తెలిసిందంటే, ఒక కాలి ముద్ర లోతు తక్కువగా ఉందట. అవి మోసం చేయవు అనిపించింది. ఉన్న బరువంతా ఇసుక మీద పెట్టి పోతాయి.

నీకు చేయి. నేను ఒక ఆటీను అన్నాను. నీ దగ్గర ఆటీను ఆసు, ఎనిమిది, ఏడు, మూడు. ఇస్పేటు రాజు, జాకీ, తొమ్మిది, రెండు. డైమను ఆరు ఒక్కటే. కళావరు పది, ఎనిమిది, ఏడు, ఐదు.

నీ
రాజేశ్


నల్లగొండ,
24 జూలై 2016.

రాజేశ్‌కు,

నీ చేతికి జవాబు. ఎనిమిది, ఒంటి డైమనుకు మూడు. పదకొండు. మూడు ఆటీన్లు.

నీ ఒంటి రాజు లెక్క సరిపోయింది. నేనూ పాస్ అనేవాణ్ణి.

మీ అక్క పడుకునే చోటు మార్చాను. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. కింద ముందు గదిలో మంచం వేశాను. వీపు కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. హైదరాబాద్ తీసుకుపోయి చూపించాను. గుండె కొంచెం పెద్దదైందన్నారు. మందులు మార్చారు. తొందరేం లేదు. వీలైతే వచ్చి పో.

ఆలేరు వాళ్ళు కూడా నిన్ను ఒకసారి చూస్తామని కబురు చేశారు.

పక్కింటి గుర్వమ్మ వచ్చి వంటలో సాయం చేస్తోంది. మీ అక్కకు ఆమె చేసిన చారు నచ్చదు. "నీళ్ళల్ల చింతపండును తానం చేపిచ్చి తీసింది" అంటుంది. ఆమె వినేటట్టే అంటుంది.

ఈసారి చేయి పంపడం లేదు. ముక్కలు పంచడానికి వీలు చిక్కలేదు.

గుర్వయ్య


అమ్రాబాద్ అడవి క్యాంపు,
8 ఆగస్టు 2016.

బావా,

దొరికిపోయావు. అక్కా, నువ్వూ కలిసి బాగానే పన్నారు. ఒకే ఉత్తరంలో ఆయాసమూ, ఆలేరూ పక్కపక్కనే వచ్చాయి. అక్క పద్ధతి నాకు తెలియదా? నేను ఇంటర్ చదివేటప్పుడు కడుపునొప్పి అని కబురు పంపి, నేను పరుగెత్తుకు వస్తే గారెలు పెట్టింది. వచ్చే నెలలో వస్తానని అప్పటికే చెప్పి ఉన్నాను కాబట్టి, మధ్యలో లాగడానికి నొప్పి పెట్టుకుంది. ఆ రోజు ఆమె నవ్విన నవ్వు నాకు ఇంకా వినిపిస్తుంది.

అయినా రెండుసార్లు చదివాను. "కొంచెం పెద్దదైంది. తొందరేం లేదు." ఇంతకుముందైతే నీ కొంచెంకు రెండు కలుపుకుని ఆ జీపులోనే బయలుదేరేవాణ్ణి. కానీ ఒప్పందం ఒప్పందమే. వరుసగా రెండు చేతులు నిక్కచ్చిగా చెప్పావు, ఇక నీ మాట నాకు అచ్చు లెక్కే. మందులు మార్చారు, తొందర లేదు. అంటే లేదు.

అక్కతో చెప్పు, చారు నచ్చకపోతే ఆరోగ్యం బాగున్నట్టే అని.

వానలు బాగా పడుతున్నాయి. కెమెరాల్లోకి నీళ్ళు దిగి సగం పాడయ్యాయి. పులి కోసం కట్టిన దాంట్లో భీమయ్య ముఖం వచ్చింది, ముక్కు ఒక్కటే, కాగితం నిండా. చూపిస్తే "గిది నా ముక్కు గాదు సారూ, నా అన్నది" అని వాదించాడు.

ముక్కలు పంచడానికి వీలు లేదన్నావు. నేనే పంచి పంపుతున్నాను. నేను ఒక కళావరు అన్నాను. నీ దగ్గర కళావరు రాజు, తొమ్మిది, ఏడు, ఆరు, నాలుగు. ఇస్పేటు ఆసు, మూడు. ఆటీను జాకీ, ఐదు, రెండు. డైమను రాణి, పది, ఎనిమిది.

నీ
రాజేశ్


నల్లగొండ,
4 సెప్టెంబర్ 2016.

రాజేశ్‌కు,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. గారెల దగ్గర నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. మిగతాది తర్వాత చదివాను.

ఆలేరు సంబంధం వేరే చోట కుదిరింది. ఆ సంగతి ఇక లేదు. అందుకోసం రమ్మనలేదు.

మీ అక్క ఆరోగ్యం అంత బాగా లేదు. నిన్ను తలుచుకుంటోంది. సెలవు దొరికితే ఒక ఆదివారం రా.

ఇది రాస్తుంటే ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను. "గట్ల రాయకు, పోరడు భయపడ్తడు. వానల వాగులు దాటుకుంట ఉరుకుతడు. బాగనే ఉన్న అని రాయి" అంది. నేను దిద్దలేదు. మళ్ళీ తనే అంది, "సరే ఉండనియ్యి. నువ్వు సగమే రాసినా వాడు మిగిలింది సొంతంగ జోడిచ్చుకుంటడు తియ్యి" అని.

నీ చేతికి జవాబు. రాజు, ఆసు, జాకీ, రాణి కలిపి పది. ఇస్పేట్లు రెండే కాబట్టి ఒకటి. పదకొండు. మూడు కళావర్లు.

గుర్వయ్య


అమ్రాబాద్ అడవి క్యాంపు,
19 సెప్టెంబర్ 2016.

బావా,

జీపు రెండు వారాలు రాలేదు, నీ ఉత్తరం ఇవాళే అందింది. పంతులమ్మ గురించి తప్పుగా అనుకున్నాను, మనసులో పెట్టుకోకు. అక్కతో కూడా చెప్పు.

వెంటనే మా ఆఫీసరును వైర్‌లెస్‌లో అడిగాను. దసరాకు పది రోజులు సెలవు ఇచ్చారు. ఒక ఆదివారం వచ్చి మర్నాడు పరుగెత్తడం కంటే ఇదే మేలు కదా. నేనే అక్కను హైదరాబాద్ తీసుకుపోయి ఇంకో డాక్టరుకు చూపిస్తాను. ఇప్పుడు మధ్యలో వదిలి వస్తే కెమెరాల పని మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆమె పరిస్థితి నిజంగా తొందరదైతే నువ్వు తొందర అనే రాసేవాడివి. ఒక ఆదివారం అన్నావు. ఏ ఆదివారమో అనలేదు. అందుకే ధైర్యంగా ఉన్నాను.

అడవి ఎంత పచ్చగా ఉందో చెప్పలేను. తంగేడు పూసింది. బతుకమ్మకు అక్క మెట్ల మీద కూర్చుని పూలు పేర్చేది గుర్తొచ్చింది. ఈసారి గుర్వమ్మతో పేర్పించండి, అక్క కూర్చుని దబాయిస్తే చాలు.

మూడు కళావర్లు సరైన మాట. డిసెంబర్‌లో మనకు ఎదురుండదు.

నీ
రాజేశ్


అమ్రాబాద్ అడవి క్యాంపు,
నాగర్‌కర్నూల్ జిల్లా (జిల్లా మారింది, ఇకమీద ఇదే రాయి),
20 అక్టోబర్ 2016.

బావా,

పెద్దకర్మ అయిందాకా ఒకే ఇంట్లో ఉండి మనం మాట్లాడుకోలేదు. నలుగురిలో అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను.

ఎందుకు చెప్పలేదు?

నేను వచ్చేసరికి అక్కను మట్టిలో పెట్టి వచ్చారు. ముఖం కూడా చూడలేదు. పెద్దలు ఇక ఆపకూడదన్నారని గుర్వమ్మ చెప్పింది. ఆమే చెప్పింది, ఆగస్టు నుంచే డాక్టర్లు చేతులెత్తేశారని. ఆగస్టు నుంచి, బావా! ఆ నెలలో నేను గారెల గురించి, భీమయ్య ముక్కు గురించి రాశాను. అది నువ్వు ఆమెకు చదివి వినిపించావు.

మన్ననూరు ఆఫీసుకు ఒక్క ఫోన్ చేస్తే వాళ్ళు వైర్‌లెస్‌లో నాకు చెప్పేవాళ్ళు. నువ్వు చేసింది ఆమె పోయిన రోజు పొద్దున. నాకు అందింది ఆ సాయంత్రం. వాగు తగ్గిందాకా జీపు ఆగింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పమని నిన్ను బతిమాలాను. ముక్కల దగ్గర ఒక్క పాయింటు తప్పకుండా చెప్పావు. అక్క దగ్గరే తగ్గించావు. ముక్కల మీద ఉన్న శ్రద్ధ ఆమె మీద లేకపోయిందా?

క్లబ్బు వాళ్ళకు చెప్పి డిసెంబర్ పోటీలో నా పేరు తీయించు. ఇక నేను ముక్కలు పట్టను.

రాజేశ్


నల్లగొండ,
29 అక్టోబర్ 2016.

రాజేశ్‌కు,

ఉత్తరం అందింది. క్లబ్బులో పేర్లు తీయించాను.

చలి మొదలైంది. జాగ్రత్తగా ఉండు.

గుర్వయ్య


అమ్రాబాద్ అడవి క్యాంపు,
8 నవంబర్ 2016.

బావా,

ఇంతేనా?

అంత మాట అన్నవాణ్ణి తిట్టనైనా తిట్టలేదు. నేను రాసింది నాకే గుచ్చుకుంటోంది. ఆ రోజే భీమయ్యతో జీపు ఆపించి, ఆ ఉత్తరం వెనక్కి తీసుకుందామని పరుగెత్తాను కూడా. అందలేదు.

ఇక్కడ రోజూ అదే లెక్క వేస్తున్నాను. "కొంచెం పెద్దదైంది" అన్నప్పుడు కలుపుకోవాల్సింది. "అంత బాగా లేదు" అన్నప్పుడు కలుపుకోవాల్సింది. నీ నోటినుంచి ఆ మాట వస్తే మామూలుగా అయితే నేను ఆగేవాణ్ణే కాదు. కలపనని మాట ఇచ్చింది నేను. ఆట గురించి ఇచ్చాను. నువ్వేమో ఆట గురించే అనుకున్నావు, నేను అన్నిటికీ అనుకున్నాను.

ఒక్కటి అడుగుతాను. ఆ చివరి రోజుల్లో అక్క నా గురించి ఏమన్నది? తగ్గించకుండా రాయి. ఎంత బాధ కలిగించేదైనా సరే.

రాజేశ్


నల్లగొండ,
20 నవంబర్ 2016.

రాజేశ్,

రాస్తున్నాను. నాకు ఇంత పొడుగు ఉత్తరం రాయడం రాదు. వరుసగా చెబుతాను.

ముక్కల మీది శ్రద్ధ ఆమె మీద లేదా అని అడిగావు. ముక్కలు ఎంత ఉంటే అంత, చూసి చెప్పొచ్చు. మీ అక్క బతకదు అని కాగితం మీద నా చేత్తో రాయడం నా వల్ల కాలేదు. రెండుసార్లు రాసి చించాను. చివరికి అంత బాగా లేదు అని రాశాను. ఆ మాట నేను ఎన్నడూ రాసినవాణ్ణి కాదు కదా, చూడగానే నీకు తెలిసిపోతుందనుకున్నాను. ఒక ఆదివారం అంటే ముందు వచ్చే ఆదివారమే వస్తావనుకున్నాను. ఒప్పందం గుర్తే లేదు.

దసరాకు వస్తానన్న నీ ఉత్తరం సోమవారం అందింది. అప్పటికి ఆమెకు మాట కూడా ఆయాసమే. అయినా డాక్టరు దసరా దాటుతుందనే అన్నాడు. "తమ్మి ఎన్నడొస్తుండు? చదువు" అంది. నేను ఉత్తరం చేతిలో పట్టుకుని, దానిలో లేనిది చదివాను. ఆదివారం వస్తున్నాడు అన్నాను.

వట్టిగా అనలేదు. లెక్క వేసుకున్నాను. శుక్రవారం పొద్దున మన్ననూరుకు ఫోన్ చేస్తే సాయంత్రానికి నీకు తెలుస్తుంది, వాన ఉన్నా ఆదివారానికి వస్తావు. ముందే చేస్తే నువ్వు పని మధ్యలో వదిలి రావాలి. వాళ్ళు సెలవు ఇచ్చిన రోజులకు ఇంకో నాలుగు రోజులు కలిపితే ఏమీ అనరనుకున్నాను.

ఫోన్ చెయ్యమని ఆమె ముందు నుంచీ అంటూనే ఉంది. "ఆఫీసుకు చెయ్యరాదు, పోరన్ని జెర తొందరగ రమ్మనరాదు" అనేది. ఆదివారం వస్తాడని చెప్పాక మళ్ళీ అడగలేదు.

ఎందుకు అడగలేదో నాకు గురువారం తెలిసింది. పొద్దున్నే గుర్వమ్మను పిలిచి తల దువ్వించుకుంది. మంచం వాకిట్లోకి వేయమంది. చల్లగాలి ఉంది, లోపలే ఉండు, ఆదివారం కదా అన్నాను. నన్ను చూసి నవ్వింది. "నువ్వు ఆదివారం అన్నవంటే వాడు ఇయ్యాలో రేపో వస్తడు. ముప్పై ఏండ్ల సంది నీతోని కాపురం చేస్తున్న, నాకు ఎరుక లేదా? నువ్వు ఉన్నదానికి తక్కువ చెప్తవ్ గాని ఎక్కువ ఎన్నడు చెప్పినవ్?" అంది.

అప్పుడు నేను నిజం చెప్పాల్సింది. ఆ ముఖం చూసి చెప్పలేదు.

గురువారమంతా వాకిట్లోనే ఉంది. నువ్వు వచ్చే దేవరకొండ బస్సు పోయిన చప్పుడు వినబడ్డప్పుడల్లా మోచేతి మీద లేచి చూసేది. కూరలో కారం తక్కువ వేయమంది, అడవిలో ఏం తింటున్నావో, నీకు కడుపులో పడదని. నీ చొక్కాలు తీసి ఎండకు వేయించింది. ఎండ లేదు. అక్కడే వేలాడాయి. లోపలికి రమ్మంటే "వాడొచ్చినంక" అంది. శుక్రవారం పొద్దున నేను మూలమీది దుకాణానికి పోయి మన్ననూరుకు ఫోన్ చేసి వచ్చాను. ఎక్కడికి పోయావంది. కూరగాయలకు అన్నాను. చేతిలో సంచి లేదు. ఆమె చూసింది.

మధ్యాహ్నం వీధిలో ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మకు పూలు తెంపుకుని వస్తున్నారు. వాళ్ళ అలికిడికి లేచింది. "వచ్చినట్టున్నడు, సూడు" అంది. నేను వీధిలోకి పోయి చూశాను. వెనక్కి తిరిగేసరికి అయిపోయింది.

నీ గురించి ఆమె అన్న ఆఖరి మాట అదే. తగ్గించలేదు.

నువ్వు ఆదివారం పొద్దున వచ్చావు. వాకిట్లో నిన్ను చూసి నేను లోపలికి పోయాను. అందరూ ఏడవడానికి పోయాననుకున్నారు. నువ్వు కోపమనుకున్నావు. నేను చెప్పిన రోజుకే వచ్చావు రాజేశ్. జీవితంలో ఒక్కసారి నేను సరిగ్గా చెప్పాను, ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆ ఒక్కసారీ ఆమె కలుపుకుంది. అది నీకు చెప్పే ముఖం లేక లోపలికి పోయాను.

ఇంకొకటి ఉంది. ఇది అడగడం నాకు అలవాటు లేదు.

నాకు బాగా లేదు. జ్వరం కాదు. పొద్దున లేస్తే ఏం చేయాలో తెలియడం లేదు. ముందు గదిలో మంచం తీయలేదు, తీయడానికి చేతులు రావడం లేదు. గుర్వమ్మ అన్నం పెట్టి పోతే అలాగే ఉంటోంది. సాయంత్రం బస్సు చప్పుడు అయితే నేనే లేచి వాకిట్లోకి పోతున్నాను, ఎవరి కోసమో తెలియకుండా.

దసరాకు, సంక్రాంతికి అని కాదు. ఈ ఉత్తరం అందిన రోజే బయలుదేరి రా. ఒక్కణ్ణి ఉండలేకపోతున్నాను.

గుర్వయ్య